నిజాంపేట నుంచి మెట్రో స్టేషన్ దాకా: ఆ మూడు కిలోమీటర్లు ఎవరి బాధ్యత?

పాదచారి

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో నిజాంపేట రోడ్డుకు లోపలగా ఉన్న ఒక కాలనీలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఉద్యోగం అమీర్‌పేటలో. 2017 నవంబరు 28న మియాపూర్‌లో మెట్రోను ప్రారంభించిన మర్నాడే మేం ఇంటిల్లిపాదీ రైలెక్కి నాగోలు దాకా వెళ్లివచ్చాం. ఇక బండి తీయాల్సిన పని లేదని ఆ రోజు ఎంతో సంబరపడ్డాను. అందులో సగమే నిజమైంది. జేఎన్‌టీయూ స్టేషన్‌లో రైలెక్కితే అమీర్‌పేట చేరడానికి ఇరవై నిమిషాలు పట్టదు. మా ఇంటి నుంచి ఆ స్టేషన్‌కు ఉన్నది మూడు కిలోమీటర్లే అయినా, దాన్ని దాటడానికి ముప్పై అయిదు నిమిషాలు పట్టిన రోజులు చాలా ఉన్నాయి.

నడిచి వెళ్లొచ్చు కదా అని మీరు అడగవచ్చు. గత ఆదివారం ఉదయం టేపు పట్టుకొని ఆ పనే చేశాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కాలిబాటపై ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. నేను కొలిచిన ఒక చోట అంచు ఎత్తు 34 సెంటీమీటర్లు వచ్చింది. మా అమ్మ ఆ మెట్టు ఎక్కలేరు. ఇంకొంచెం ముందుకు వెళ్తే కాలిబాట మొత్తాన్ని ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఆక్రమించింది. దాని పక్కన ఒక దుకాణం వారు బండ్లు ఎక్కించుకోవడానికి సిమెంటు వాలు పోసుకున్నారు, ఆ వాలు దిగే చోట కాలువ మీది పలక పగిలి ఇనుప కడ్డీలు పైకి తేలి ఉన్నాయి. మూడు కిలోమీటర్లలో పదకొండు చోట్ల రోడ్డు మీదికి దిగి, వాహనాలకు ఎదురుగా నడవవలసి వచ్చింది.

మన ప్రాంతంలో ఏ సమావేశం జరిగినా ఫ్లైఓవర్ ఎప్పుడు, మెట్రో మన వైపు ఎప్పుడు అన్న ప్రశ్నలే వినిపిస్తాయి. ముందుగా ఈ మూడు కిలోమీటర్లను బాగుచేయమని అర్జీ పెట్టాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

రైలుబండి

పాదచారి గారూ, మీ కొలతలు చూసి బాధ కలిగింది, కానీ మీ ముగింపుతో నేను ఏకీభవించలేను. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ గ్రామాలను కలిపి నగరపాలక సంస్థ చేశారు. అది 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఇన్ని వేల కుటుంబాలు చేరిన ప్రాంతానికి కాలిబాట చాలని మనమే చెప్పుకుంటే, పెద్ద ప్రాజెక్టుల జాబితాలో మన పేరు ఎన్నటికీ చేరదు.

2024 అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన మెట్రో రెండో దశలో 76.4 కిలోమీటర్ల పొడవున ఐదు మార్గాలున్నాయి. మనకు దగ్గరగా ఉన్నది మియాపూర్ నుంచి పటాన్‌చెరు వరకు 13.4 కిలోమీటర్ల మార్గం ఒక్కటే, అదీ జాతీయ రహదారి మీదుగా నేరుగా వెళ్లిపోతుంది, బాచుపల్లి వైపు తిరగదు. ఆ తర్వాత ప్రకటించిన భాగంలో మేడ్చల్‌కు, శామీర్‌పేటకు చోటు దొరికింది. మియాపూర్ నుంచి బాచుపల్లి మీదుగా గండిమైసమ్మ దాకా ఒక శాఖ కావాలని ఇప్పటి నుంచే గట్టిగా అడగకపోతే, మన పిల్లలు కూడా ఇదే రోడ్డు మీద నిలబడి ఉంటారు.

నగర ప్రణాళిక విద్యార్థి

ఇద్దరూ చెప్పినదానికి మధ్యలో ఒక విషయం ఉంది, దాన్ని కాస్త వివరంగా రాస్తాను.

రెండో దశకు వేసిన అంచనా 24,269 కోట్ల రూపాయలు. 76.4 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు 317 కోట్ల పైచిలుకు పడుతుంది. అంత ఖర్చు పెట్టి స్టేషన్ కడితే, దాన్ని నడిచి చేరగలిగే దూరంలో వీలైనంత ఎక్కువమంది ఉండేలా చూసుకోవాలి. 2017 నాటి జాతీయ రవాణా ఆధారిత అభివృద్ధి విధానం స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల మేర, అంటే పది పన్నెండు నిమిషాల నడక దూరంలో, ఇళ్లూ కార్యాలయాలూ దుకాణాలూ దట్టంగా పెరగాలని చెబుతుంది. అదే సంవత్సరం వచ్చిన మెట్రో రైలు విధానం ప్రతి స్టేషన్ చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధికి అనుబంధ రవాణా కల్పిస్తామని రాష్ట్రాలు మాట ఇవ్వాలంటుంది. నిజాంపేట ఆ ఐదు కిలోమీటర్లలోపే ఉంది.

మరి మన దగ్గర భవనాల ఎత్తును ఏది నిర్ణయిస్తోంది? హైదరాబాద్‌లో 2006 నుంచి స్థల విస్తీర్ణాన్ని బట్టి ఇంత మేరకే కట్టాలన్న పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం చూసి అనుమతి ఇస్తారు. 2012లో వచ్చిన భవన నిబంధనలు కూడా అదే పద్ధతిని కొనసాగించాయి. స్టేషన్ పక్కన ఉన్న స్థలానికీ, అక్కడికి ఏడు కిలోమీటర్ల దూరంలో వంద అడుగుల రోడ్డు మీద ఉన్న స్థలానికీ ఈ లెక్కలో తేడా లేదు. భూమి చవకగా దొరికేది దూరంలోనే కాబట్టి ముప్పై అంతస్తుల గోపురాలు అక్కడే లేచాయి, స్టేషన్ ఎదుట మాత్రం రెండంతస్తుల దుకాణాలూ ఖాళీ స్థలాలూ మిగిలిపోయాయి. రైలుబండి గారు కోరే కొత్త శాఖ వచ్చినా, ఈ నియమం మారకపోతే జనం దానికి మళ్లీ నాలుగు కిలోమీటర్ల అవతల స్థిరపడతారు.

పాదచారి గారికి పనికొచ్చే మరొక మాట. 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని కాలిబాట పొందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద పౌరుల హక్కులో భాగమని చెప్పి, పాదచారుల రక్షణకు మార్గదర్శకాలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. మీ అర్జీలో మొదటి పేరా అదే కావాలి.

డిపో డ్రైవరు

నేను ఆర్టీసీలో ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్నాను. ఇంటి దగ్గర మీరు ఇబ్బంది పడుతున్న ఇదే రోడ్డు మీద ఆరేళ్లు నడిపాను కాబట్టి, స్టీరింగ్ వెనక నుంచి కనిపించేది చెబుతాను.

మామూలుగా అందరూ బస్సుల సంఖ్య గురించి మాట్లాడుతారు. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన తర్వాత బస్సులో నిలబడే చోటు కూడా కరువైన మాట నిజం, బస్సులు పెరగాల్సిందే. కేంద్ర పథకం కింద హైదరాబాద్‌కు కేటాయించిన 2,000 విద్యుత్ బస్సులు వస్తే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే బస్సు ఉండీ ప్రయాణికుడికి అందకపోవడం అంతకన్నా పెద్ద సమస్య. నిజాంపేట రోడ్డులో బస్సు ఆగడానికి గీసిన చోటు ఎప్పుడూ ఆటోలతోనో కార్లతోనో నిండి ఉంటుంది. నేను రోడ్డు మధ్యలోనే ఆపాలి. ఒక పెద్దామె కాలిబాట దిగి, రెండు ఆటోల మధ్య నుంచి వచ్చి, నా ఫుట్‌బోర్డు అందుకునేసరికి వెనక నలభై వాహనాలు హారన్ మోగిస్తుంటాయి. ఒక్కో స్టాపులో రెండు నిమిషాలు ఇలా పోతే, పది స్టాపులకు ఇరవై నిమిషాలు. అలా సాయంత్రం ఐదు ట్రిప్పులు వేయాల్సిన బస్సు మూడే వేస్తుంది. ఆ మిగిలిన రెండు ట్రిప్పుల కోసమే మీరు స్టాపులో ఎదురుచూస్తున్నారు.

బస్సు ఎక్కడుందో చూసుకోవడానికి 2023లో వచ్చిన గమ్యం యాప్ ఉంది. మా బస్సు దగ్గరలోనే ఉన్నట్లు అందులో కనిపిస్తుంది, కానీ చౌరస్తా దాటడానికే పావుగంట పడుతుంది. పన్నెండు మీటర్ల బస్సు మీ కాలనీల సందుల్లో తిరగలేదు. ప్రగతినగర్, బాచుపల్లి లోపలి వీధుల నుంచి స్టేషన్‌కు చిన్న బస్సులు పది నిమిషాలకొకటి వేసి, స్టాపుల దగ్గర ఇరవై మీటర్లు ఖాళీగా ఉంచితే, మీరు అడిగే పనుల్లో సగం కొత్త రోడ్డు వేయకుండానే జరుగుతాయి. ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట.

రాత్రి డ్యూటీ

నేను నర్సును. మధ్యాహ్నం షిఫ్టు ముగించుకొని రాత్రి తొమ్మిదిన్నరకు జేఎన్‌టీయూ స్టేషన్‌లో దిగుతాను. పైన స్టేషన్‌లో వెలుతురు, కెమెరాలు, భద్రతా సిబ్బంది అన్నీ ఉంటాయి. ఎస్కలేటర్ దిగి కింద అడుగుపెట్టాక మొదటి మలుపు దాటితే వీధి దీపాల మధ్య దూరం పెరిగిపోతుంది. షేర్ ఆటోలో వెనక ముగ్గురు నిండితే డ్రైవరు పక్కన కూర్చోమంటారు, నేను దాన్ని వదిలేసి ఇంకొక ఆటో కోసం నిలబడతాను. ఒక వైపుకు ముప్పై రూపాయలు, వర్షం పడితే యాభై.

డ్రైవరు అన్నగారు చెప్పిన చిన్న బస్సు రాత్రి పదిన్నర దాకా తిరిగితే నాలాంటి వాళ్లకు ఎంత మేలు జరుగుతుందో మాటల్లో చెప్పలేను. ఒక్క విన్నపం. కాలిబాట గురించి అర్జీ రాస్తే వెడల్పూ ఎత్తూ మాత్రమే రాయకండి, వెలుతురు గురించి కూడా రాయండి. పగలు కొలిచినవారికి ఆ తేడా తెలియదు.

సంఘం కార్యదర్శి

మా అపార్ట్‌మెంట్ సముదాయంలో 600కు పైగా ఇళ్లున్నాయి, వారి తరఫున రాస్తున్నాను. కారు, బండి నడిపేవాళ్లందరినీ ఇక్కడ దోషులుగా చూస్తున్నారని నాకు అనిపించింది. మావాళ్లలో చాలామంది స్టేషన్ దాకా బండి మీద వెళ్లి, అక్కడ ఆపి, రైలెక్కేవారు. 2024లో నాగోలు, మియాపూర్ స్టేషన్ల దగ్గర ఉచిత పార్కింగ్ తీసేసి రుసుము పెట్టినప్పుడు, కొందరు ఆ లెక్క చూసుకొని ఆఫీసుకే బండి మీద వెళ్లడం మొదలుపెట్టారు. ముందుగా స్టేషన్ల దగ్గర అంతస్తుల పార్కింగ్ కట్టాలి, కాలిబాటలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

చెరువుగట్టు

మాది ఈ ఊరే. అంబీర్ చెరువు దగ్గర మా తాతల కాలం నుంచి ఉన్నాం. మీరు మాట్లాడుకుంటున్న వీధుల్లో చాలావరకు నా చిన్నప్పుడు పొలం గట్లు. ఊరు ఎలా పెరిగిందో చూసినవాణ్ని కాబట్టి ఒక సంగతి చెప్పాలి.

ఇక్కడ ఊరంతటికీ కలిపి ఎవరూ పటం గీయలేదు. ఒక రైతు నాలుగెకరాలు అమ్మితే అది ఒక వెంచరు, పక్క రైతు ఆరెకరాలు అమ్మితే అది ఇంకొక వెంచరు. మొదటి వెంచరులో ముప్పై అడుగుల రోడ్డు తూర్పుకు వచ్చి ఆగుతుంది. రెండో వెంచరు రోడ్డు దానికి ఎనిమిది అడుగులు పక్కకు మొదలవుతుంది, మధ్యలో ప్రహరీ గోడ. ఒక వెంచరు నుంచి పక్క వెంచరుకు వెళ్లాలన్నా ప్రధాన రోడ్డు ఎక్కి దిగాలి. పాల ప్యాకెట్టుకు వెళ్లేవాడూ, స్టేషన్‌కు వెళ్లేవాడూ, ఔటర్ రింగ్ రోడ్డుకు పోయే టిప్పరూ అందరూ ఒకే రోడ్డు మీద పడడానికి కారణం ఇదే. కార్యదర్శి గారూ, మీ సముదాయం వెనక గోడకు అవతల ఉన్నది నిజాంపేట రోడ్డుకు చేరే సందే. మీరు కొన్న స్థలంలో ఒకప్పుడు బండ్ల బాట ఉండేది. నేను దాని మీద బడికి నడిచాను.

ఇక రెండో సంగతి. 2023 సెప్టెంబరులో పెద్ద వాన పడిన రోజు ప్రగతినగర్‌లో తెరిచి ఉన్న మ్యాన్‌హోల్‌లో పడి నాలుగేళ్ల బాబు చనిపోయాడు. అప్పటి నుంచి వాన నీళ్లు నిలిచిన కాలిబాట మీద కాలు పెట్టాలంటే నాకు గుండె దడదడలాడుతుంది. మన దగ్గర కాలిబాట అంటే కాలువ మీద వేసిన పలకే. ఆ పలక కింద ఏముందో చూడకుండా పైన రంగురాళ్లు పరిచి బాగుచేశామంటే నేను ఒప్పుకోను.

పాదచారి

చెరువుగట్టు గారూ, మీ మాటలు చదివాక నా అర్జీలో కాలువ పలకల తనిఖీని మొదటి అంశంగా మార్చాను.

కార్యదర్శి గారికి ఒక మనవి. బండి నడిపేవారిని నిందించాలన్న ఉద్దేశం నాకు లేదు, నాకూ ఒక బండి ఉంది. కానీ స్టేషన్ దగ్గర స్థలం పరిమితం. ఒక కారు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆగి ఉన్న చోట చిన్న బస్సు నిలిచే వీలుంటే, అదే చోటును రోజంతా ఎన్ని వందల మంది వాడుకుంటారో ఆలోచించండి. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్డు మీది చోటును వాహనాల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలనే చెప్పింది. మీ వెనక గోడ విషయం నిన్న స్వయంగా చూసి వచ్చాను. మీ బి బ్లాకు నుంచి ముందు గేటు మీదుగా బస్సు స్టాపుకు 1,300 మీటర్లు నడవాలి. ఆ గోడలో ఒక చిన్న ద్వారం ఉంటే 400 మీటర్లు చాలు.

విశాఖ నుంచి

ఈ చర్చను వారం రోజులుగా చదువుతున్నాను. మా ఊరి అనుభవం మీకు ఉపయోగపడవచ్చు. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద విశాఖలో పెందుర్తి, సింహాచలం వైపు రెండు బీఆర్‌టీఎస్ మార్గాలు చేపట్టారు. రోడ్డు మధ్యలో బస్సుల కోసమే ప్రత్యేక వరసలు వేశారు. సింహాచలం మార్గం భూసేకరణ దగ్గర ఏళ్ల తరబడి ఆగింది. పూర్తయిన చోట కూడా ఆ వరసలో కార్లూ ఆటోలూ నడుస్తున్నాయి. రోడ్డు మధ్యలో ఉన్న స్టాపుకు జనం ఎలా దాటుకొని వెళ్తారన్నది గానీ, ఆ వరసను రోజూ ఎవరు కాపాడతారన్నది గానీ ముందుగా తేల్చుకోలేదు. నిర్మాణానికి నిధులు ఒకసారి వస్తాయి, నిర్వహణకు ప్రతిరోజూ మనిషి కావాలి. మీ అర్జీలో ఆ మనిషి ఏ శాఖవాడో రాయించుకోండి.

ఇంకొక జాగ్రత్త. కాలిబాట ఖాళీ చేయించండి అనగానే అధికారులు మొదట తోపుడు బండ్లను ఎత్తేస్తారు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మాత్రం అక్కడే ఉంటుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వారికి స్థలం చూపించాలి. సాయంత్రం పూట ఆ బండ్ల దీపాలూ మనుషుల సందడీ ఉంటేనే రాత్రి డ్యూటీ సోదరి లాంటివారు ధైర్యంగా నడుస్తారు.

నగర ప్రణాళిక విద్యార్థి

విశాఖ మిత్రులు అడిగిన ఆ మనిషి ఎవరన్నదే హైదరాబాద్‌లోనూ చిక్కుముడి. ఇక్కడ కాలిబాట నగరపాలక సంస్థది, కాలువ మూత జలమండలిది కావచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ సంస్థది, బస్సు ఆర్టీసీది, ఆటోల నియంత్రణ పోలీసులది, స్టేషన్ మెట్రోది. వీరందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికే 2008 నాటి హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చట్టంలో ఉమ్మడి రవాణా ప్రాధికార సంస్థకు చోటు కల్పించారు. మన అర్జీ ఒక్కో శాఖకు విడివిడిగా వెళ్తే ఒక్కొక్కరూ పక్కవారి పేరు రాసి తిప్పి పంపుతారు. ఆ ఉమ్మడి సంస్థ పేరుతో ఒకటి రాసి, మిగతా ఆరింటికి నకళ్లు పంపుదాం.

ఫ్రిస్కో తెలుగు

మాది బాచుపల్లి, ప్రస్తుతం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఇక్కడ తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. డల్లాస్ ప్రాంతంలో డార్ట్ అనే ప్రజా రవాణా సంస్థ రైళ్లూ బస్సులూ నడుస్తాయి గానీ ఫ్రిస్కో ఆ సంస్థలో సభ్య నగరం కాదు. సభ్య నగరాలు అమ్మకపు పన్నులో డాలరుకు ఒక సెంటు డార్ట్‌కు ఇస్తాయి. మా నగరం ఆ వాటాను వేరే అవసరాలకు కేటాయించుకుంది. అందుకే రైలెక్కాలంటే ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్ దాకా కారులో వెళ్లాలి. మా నాన్నగారు ఇక్కడికి వచ్చిన మూడు నెలలూ ఎవరో ఒకరు కారు తీస్తే తప్ప గుమ్మం దాటలేదు. బాచుపల్లిలో ఆయన ఇప్పటికీ కూరగాయలకు నడిచి వెళ్తారు. మీకున్న ఆ నడకను పోగొట్టుకోకండి.

రైలుబండి

నా మొదటి సందేశాన్ని మళ్లీ చదువుకున్నాను. మెట్రో శాఖా మార్గం కావాలన్న కోరిక నేను వదులుకోను. అయితే 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైనప్పుడు మా బంధువులు ఎంత ఆశపడ్డారో నాకు గుర్తుంది. పట్టాలు వచ్చాయి, స్టేషన్లు వచ్చాయి, రోజుకు నడిచే బండ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. స్టేషన్‌కు వెళ్లే దారి సరిగా లేదు, వెళ్లినా బండి వేళకు లేదు. కాబట్టి వరస మార్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. చిన్న బస్సులూ కాలిబాటా ఈ ఏడాది అడుగుదాం. ఆ బస్సుల్లో ఎక్కే జనం లెక్క చేతిలో ఉంటే, రేపు మెట్రో శాఖా మార్గం కోసం మనం అడిగేటప్పుడు అదే మనకు బలమైన ఆధారం అవుతుంది.

సంఘం కార్యదర్శి

మా సర్వసభ్య సమావేశం జరిగింది. వెనక ద్వారం ప్రతిపాదన మీద రెండు గంటలు వాదోపవాదాలు నడిచాయి. దొంగతనాల భయం, బయటివారు మా పార్కులోకి వస్తారన్న ఆందోళన, కాపలా మనిషి జీతం, ఇవన్నీ చర్చకు వచ్చాయి. చివరికి డి బ్లాకులో ఉండే డెబ్బై ఏళ్ల పెద్దాయన లేచి, తాను బస్సు ఎక్కడం మానేసి నాలుగేళ్లయిందనీ, ముందు గేటు దాకా నడవలేకపోవడమే అందుకు కారణమనీ చెప్పారు. ఆ తర్వాత ఓటింగ్ పెడితే ద్వారానికి అనుకూలంగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. ప్రస్తుతానికి మూడు నెలల ప్రయోగంగా, ఉదయం ఆరు నుంచి రాత్రి పదిన్నర వరకు, మా నివాసితులకు మాత్రమే. పదిన్నర అన్నది రాత్రి డ్యూటీ గారి సందేశం చదివి నేను చేర్పించిన సమయం.

నిన్న గోడ కోశారు. మీటరున్నర వెడల్పు, మెట్టు లేకుండా వాలు పోయించాం. మొదటి రోజు కాపలా మనిషి పుస్తకంలో 143 మంది పేర్లున్నాయి. పార్కింగ్ విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం.

చెరువుగట్టు

కార్యదర్శి గారూ, ఈ ఉదయం ఆ ద్వారం అవతలి వైపు నిలబడి చూసివచ్చాను. సందులో మీ గోడకు ఆనుకొని ఉన్న రెండు కాలువ పలకలు కదులుతున్నాయి. పిల్లలు అటు వెళ్లకముందే వాటిని మార్పించండి.

పాదచారి

ఆ రెండు పలకల ఫొటోలు అర్జీకి జతచేశాను. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు నిజాంపేట చౌరస్తాలో కలుద్దాం. ఎడమ వైపు కాలిబాటను నేనూ విద్యార్థి గారూ కొలుస్తాం, కుడి వైపు రైలుబండి గారు చూసుకుంటామన్నారు. బస్సు ఆగే ఏడు చోట్లనూ డ్రైవరు అన్నగారు గుర్తుపెట్టి ఇచ్చారు. రాత్రి డ్యూటీ గారు అదే రోజు రాత్రి తొమ్మిదిన్నరకు స్టేషన్ నుంచి వెనక్కి నడుస్తూ వెలగని దీపాల స్తంభాల నంబర్లు రాసుకుంటారు, తోడు వెళ్లడానికి ఇద్దరు కావాలి. వీలైన వారు కింద రాయండి. ఎవరి దగ్గరైనా చక్రాల కుర్చీ ఉంటే ఒక పూటకు ఇవ్వగలరేమో తెలియజేయండి, అది ఎక్కడెక్కడ ఆగిపోతుందో కూడా నమోదు చేయాలి.